చిన్న పట్టణంలో తాగునీరు: పరీక్ష చేయించడం నుంచి గ్లాసులో పోసుకునే దాకా వరస క్రమం

"ఏ ఫిల్టరు కొనమంటారు?" అని అడిగేవాళ్లు చాలామంది. నీళ్లలో ఏముందో తెలియకుండా దీనికి జవాబు చెప్పలేం. సూక్ష్మజీవులకు పనిచేసే మందు ఫ్లోరైడ్‌ను తాకను కూడా తాకదు. బురదను ఆపే క్యాండిల్‌ నైట్రేట్‌ను ఆపలేదు. నీళ్లను మరగబెడితే క్రిములు చస్తాయి గానీ, ఆవిరి పోయిన మేరకు ఫ్లోరైడ్, నైట్రేట్ చిక్కబడతాయి. అందుకే యంత్రం కొనడం ఈ వరసలో చివరికి వస్తుంది.

మున్సిపాలిటీ నీళ్లు రోజూ గానీ, రోజు విడిచి రోజు గానీ గంటా రెండు గంటలు వచ్చే ఊళ్లను, ఇంట్లో ఒక బోరు, ఒక సంపు, పైన ఒక ట్యాంకు ఉన్న ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాశాం. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం వైపు ఫ్లోరైడ్ ప్రాంతాల వాళ్లు 9వ భాగాన్ని తప్పక చదవాలి.

1. ఇంటికి వచ్చే నీళ్లన్నీ ముందు కాగితం మీద పెట్టండి

చాలా ఇళ్లలో మూడు నాలుగు రకాల నీళ్లు వాడుతుంటారు. ఒక్కొక్కటి ఎక్కడి నుంచి వస్తోందో, దేనికి వాడుతున్నారో రాయండి.

- మున్సిపల్ కుళాయి: చెరువు నీళ్లా, నది నీళ్లా, ఊరి బోర్ల నీళ్లా? ఏయే వేళల్లో వస్తాయి?
- సొంత బోరు: ఎన్ని అడుగులు? మరుగుదొడ్డి గుంత ఎంత దూరంలో ఉంది?
- ట్యాంకరు: ఎక్కడ నింపుతున్నారు?
- 20 లీటర్ల క్యాను: ఏ ప్లాంటు?

ఇప్పుడు ఒక ముఖ్యమైన ప్రశ్న. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో పడుతున్నాయా? పడుతుంటే మంచి నీళ్లను మీరే పాడుచేసుకుంటున్నట్టు. కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 0.4 మిల్లీగ్రాములు, బోరులో 3 ఉందనుకోండి. సగం సగం కలిస్తే 1.7 అవుతుంది, అంటే 1.5 హద్దు దాటినట్టే (6వ భాగం చూడండి). తాగే నీటికి విడిగా ఒక చిన్న డ్రమ్ము, ఒక కుళాయి పెట్టుకోవడం ఏ యంత్రం కన్నా చవక.

2. కంటికి, ముక్కుకు తెలిసేవి

ఇవి నిర్ధారణలు కావు. ఏ పరీక్ష చేయించాలో చూపించే సూచనలు.

- పప్పు ఎంతకీ ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నె అడుగున తెల్ల పొర కడుతుంది: కఠినత్వం ఎక్కువ.
- పట్టినప్పుడు తేటగా ఉండి, గంటకు ఎర్రబడుతుంది. బకెట్‌కు తుప్పు మరకలు పడతాయి. టీ డికాషన్ నల్లగా మారుతుంది: ఇనుము.
- ఉప్పగా ఉంటుంది: లవణాలు, క్లోరైడ్.
- కుళ్లిన గుడ్డు వాసన: హైడ్రోజన్ సల్ఫైడ్, లేదా ఎక్కడో మురుగు కలుస్తోంది.
- కుళాయి తిప్పగానే మొదటి బిందె మాత్రమే మురికిగా, వాసనగా ఉంటుంది: పైపులోకి మురుగు వస్తోందని గట్టి అనుమానం.

ఫ్లోరైడ్, నైట్రేట్, క్రిములు మాత్రం కంటికి, నాలుకకు, ముక్కుకు వేటికీ దొరకవు. తియ్యగా, తేటగా ఉన్న బోరు నీళ్లలోనూ ఫ్లోరైడ్ 4 ఉండొచ్చు. "మా బావి నీళ్లు అమృతం" అనే మాటను పరీక్ష చేయించే దాకా పక్కన పెట్టండి.

3. పైపు వెంట నడిచి చూడండి

చిన్న పట్టణాల్లో నీళ్లు చెడేది ఎక్కువగా శుద్ధి కేంద్రం దాటాకే. నీళ్లు ఆగిన వేళ పైపు ఖాళీగా ఉంటుంది. లోపల ఒత్తిడి ఉండదు కాబట్టి, లీకున్న జాయింటు చుట్టూ నిలిచిన మురుగు లోపలికి జారుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు అదే మొదటి బిందెలోకి వస్తుంది.

కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. నీళ్లు వస్తున్న వేళ కూడా మోటారు పైపులోని గాలిని, నీటిని పీలుస్తుంది. ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి మురుగును లాక్కొస్తుంది. అది మీ ఇంటికే కాదు, వీధిలో చివరి ఇంటికీ పోతుంది. కుళాయి నీళ్లు వాటంతట అవి సంపులో పడాలి. మోటారు సంపు నుంచి పైకి ఎక్కించడానికే. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు లేదు.

చూడాల్సినవి:

- వీధి పైపు నుంచి ఇంటికి వచ్చే సన్న పైపు మురుగు కాలువలోంచి గానీ, దాని అడుగు నుంచి గానీ వస్తోందా? వస్తుంటే కాలువ పైనుంచి, జాయింటు లేని ఒకే ముక్కగా మార్పించండి.
- పాత ఇనుప పైపు తుప్పు పట్టి పొరలు రాలుతోందా?
- కుళాయి గుంత నేలకు దిగువన ఉందా? అందులో నీళ్లు నిలిస్తే నీళ్లు ఆగిన వేళ పైపు వాటిని వెనక్కి పీలుస్తుంది. గుంత పూడ్చి కుళాయిని నేల మీదికి తేవాలి.
- సంపు మూత నేలకు సమంగా ఉందా? కనీసం అరడుగు ఎత్తు గట్టు కట్టాలి. లేకపోతే వాన నీళ్లు, వాకిలి కడిగిన నీళ్లు అందులోకే పోతాయి.
- మరుగుదొడ్డి గుంతకూ, సంపు లేదా బోరుకూ మధ్య 15 మీటర్లన్నా ఉందా? చిన్న స్థలాల్లో ఇది కుదరదు. అలాంటి ఇళ్లలో నైట్రేట్ పరీక్ష తప్పనిసరి.
- బోరు కేసింగు పైపు నేల మీద అడుగు ఎత్తున ఉండి, చుట్టూ సిమెంటు గచ్చు పగుళ్లు లేకుండా ఉందా?

4. ఇంట్లోనే చేసుకునే మూడు పరీక్షలు

*క్లోరిన్ పరీక్ష.* మున్సిపల్ నీళ్లకు ఇదే మొదటిది. ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు, డీపీడీ మాత్ర వేస్తే గులాబీ రంగు వస్తుంది. రంగును కిట్టుతో వచ్చే పట్టీతో పోల్చండి. కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్నా మిగిలి ఉండాలి. రంగు రాకపోతే రెండు అర్థాలు: అసలు కలపలేదు, లేదా దారిలో కలిసిన మురుగు క్లోరిన్‌ను తినేసింది. నీళ్ల ట్యాంకు దగ్గరి ఇంట్లో, వీధి చివరి ఇంట్లో ఒకే రోజు చూస్తే తేడా తెలుస్తుంది. ఆర్థోటాలిడిన్ విషపూరితం. చేతికి అంటితే కడుక్కోండి, పరీక్షించిన నీళ్లు పారబోయండి. దొరికితే డీపీడీయే తీసుకోండి.

*హెచ్‌టూఎస్ సీసా.* ఇది మలపు క్రిములుంటే నల్లబడే మందు ఉన్న పరీక్ష సీసా. గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి, ఎండ తగలని వెచ్చని చోట 24 నుంచి 48 గంటలు ఉంచండి. నల్లబడితే మలం వల్ల కలుషితమైన నీళ్లని అనుమానించాలి. మూత లోపలి వైపు వేలు తగిలితే పరీక్ష చెడినట్టే. బోరు నీళ్లకు ముందే గుడ్డు వాసన ఉంటే ఈ సీసా తప్పుగా నల్లబడవచ్చు, అలాంటప్పుడు ల్యాబుకే పంపాలి. నల్లబడిన సీసాలో బ్లీచింగ్ పౌడరు వేసి అరగంటయ్యాక పారబోయండి.

*టీడీఎస్ మీటరు.* దీన్ని నమ్మి మోసపోయేవాళ్లే ఎక్కువ. ఇది కొలిచేది నీటిలో కరెంటు ఎంత పారుతోందన్నదే. దాన్నిబట్టి మొత్తం లవణాలను లెక్కేస్తుంది. మీటరు 1200 చూపిస్తే అందులో మామూలు ఉప్పు ఎంతో, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. క్రిముల సంగతి అసలే చెప్పదు. 80 చూపించే నీళ్లలో మురుగు కలిసి ఉండొచ్చు. ఆర్వో యంత్రంలో లవణాలను ఆపే సన్నని పొర, అంటే మెంబ్రేను, పాడైందో లేదో తెలుసుకోవడానికి మాత్రం ఇది చక్కటి పనిముట్టు (10వ భాగం చూడండి).

5. ల్యాబుకు నమూనా పట్టడం

జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ల్యాబులున్నాయి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లోనూ నీటి పరీక్షలు చేస్తారు. ప్రైవేటు ల్యాబైతే ఎన్‌ఏబీఎల్ (ల్యాబులను పరిశీలించి గుర్తించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా, మీరడిగే పరీక్షలు ఆ గుర్తింపు పరిధిలో ఉన్నాయా అని అడగండి. ఆర్వో అమ్మేవాళ్ల "ఉచిత పరీక్ష" ల్యాబు పరీక్ష కాదు. నీళ్లలో రెండు కడ్డీలు పెట్టి కరెంటిచ్చి గోధుమ రంగు మడ్డి చూపించడం కూడా పరీక్ష కాదు. ఆ రంగులో ఎక్కువ భాగం అరిగిన ఇనుప కడ్డీదే.

రెండు సీసాలు వేరువేరుగా పట్టాలి.

రసాయన పరీక్షకు 2 లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ క్యాను. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు. బోరైతే అయిదు నుంచి పది నిమిషాలు నీళ్లు వదిలేయండి. అదే నీటితో క్యానును మూడుసార్లు తొలిచి, అంచు దాకా నింపి మూత బిగించండి.

క్రిముల పరీక్షకు ల్యాబు వాళ్లిచ్చే సీసానే వాడాలి. లోపల కనిపించే కొంచెం పొడి లేదా చుక్క సోడియం థయోసల్ఫేట్. నీటిలోని క్లోరిన్‌ను నిలిపేయడానికి వేస్తారు. దాన్ని కడగొద్దు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. కుళాయికి జాలీ, రబ్బరు గొట్టం ఉంటే తీసేయండి. లోహపు కుళాయి అయితే మూతిని స్పిరిట్ దూదితో తుడిచి మంటతో కాల్చండి, ప్లాస్టిక్‌దైతే స్పిరిట్‌తో తుడిస్తే చాలు. రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి, సన్నధారతో పట్టండి. పైన కొంచెం ఖాళీ ఉంచండి. ఐసు పెట్టిన డబ్బాలో ఆరు గంటల్లోపు చేర్చడం మంచిది. 24 గంటలు దాటితే ఆ ఫలితానికి విలువ లేదు. శనివారం సాయంత్రం పట్టొద్దు.

సీసా మీద రాయాల్సినవి: చోటు, బోరా కుళాయా సంపా, తేదీ, సమయం, క్లోరిన్ కలిపారా లేదా.

ఎప్పుడెప్పుడు: రసాయన పరీక్ష ఏడాదికోసారి, వీలైతే మే నెలలో. భూగర్భ జలం అడుక్కుపోయినప్పుడు లవణాలు సాధారణంగా ఎక్కువగా ఉంటాయి. క్రిముల పరీక్ష రెండుసార్లు, వానలకు ముందు ఒకటి, మొదటి పెద్ద వానలు పడ్డాక ఒకటి.

6. రిపోర్టు చదవడం

తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500:2012లో రెండు అంకెలుంటాయి. మొదటిది ఆమోదయోగ్యమైన హద్దు. రెండోది వేరే దిక్కు లేనప్పుడు మాత్రమే ఒప్పుకునే హద్దు. కొందరు రెండోదాన్నే అసలు హద్దనుకుంటారు. అది తప్పు. అంకెలు లీటరుకు మిల్లీగ్రాముల్లో:

- మొత్తం కరిగిన లవణాలు (టీడీఎస్): 500 / 2000
- మొత్తం కఠినత్వం: 200 / 600
- క్లోరైడ్: 250 / 1000
- ఫ్లోరైడ్: 1.0 / 1.5
- నైట్రేట్: 45, సడలింపు లేదు
- పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె): 6.5 నుంచి 8.5, సడలింపు లేదు
- ఈ-కొలై (మలం కలిసిందని చూపే క్రిమి): 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ కనిపించకూడదు

నైట్రేట్ దగ్గర జాగ్రత్త. కొన్ని ల్యాబులు "నైట్రోజన్‌గా" లెక్కిస్తాయి. అప్పుడు ఆ అంకెను 4.43తో గుణించాలి. 12 అని చూసి నిశ్చింతగా ఉంటే అది నిజానికి 53 కావొచ్చు.

తర్వాత ఏం చేయాలో ఇలా తేల్చుకోండి. ఈ-కొలై ఉంటే 3, 7, 8 భాగాలు ముందు. ఫ్లోరైడ్ లేదా నైట్రేట్ ఎక్కువుంటే 9. టీడీఎస్ 500 లోపు ఉండి మిగతావన్నీ హద్దులో ఉంటే మీకు ఆర్వో అక్కర్లేదు, ఎవరెంత ఒత్తిడి చేసినా.

7. సంపు, ట్యాంకు కడగడం

ఆరు నెలలకోసారి. కొలతలు ముందు: పొడవు × వెడల్పు × నీటి లోతు (మీటర్లలో) × 1000 = లీటర్లు. 2 × 1.5 × 1.5 అయితే 4500 లీటర్లు.

సంపులోకి దిగే ముందు మోటారు స్విచ్చు ఆపడం చాలదు, మెయిను కూడా ఆపండి. మూత తీసి కొన్ని గంటలు వదలండి. లోపలికి ఫ్యానుతో గాలి కొట్టించండి. దిగే మనిషికి నడుముకు తాడు, పైన కనిపెట్టుకుని మరో మనిషి ఉండాలి. లోపలి వాళ్లు పడిపోతే ఆత్రంగా దిగొద్దు, తాడుతో లాగండి. మూసి ఉన్న సంపులో ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయేది ఇలాగే.

1. నీళ్లు తోడేసి, అడుగు మడ్డి ఎత్తి, గోడలు బ్రష్షుతో రుద్ది కడగండి. సబ్బు వద్దు.
2. నీళ్లు నింపండి. ప్రతి 1000 లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు (క్లోరిన్ 25 శాతం ఉన్నది) లెక్కన బకెట్లో కలిపి, తేరనిచ్చి, పై తేట మాత్రమే పోయండి. ఇది లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్.
3. ఇంట్లో ప్రతి కుళాయినీ క్లోరిన్ వాసన వచ్చే దాకా తిప్పి కట్టేయండి. ఇది మరిస్తే పైపుల్లోని పాచి అలాగే ఉంటుంది. ఆర్వోకు పోయే వాల్వు మాత్రం ముందే మూసేయాలి, ఇంత క్లోరిన్ మెంబ్రేనును తినేస్తుంది.
4. రాత్రంతా ఉంచి పారబోసి, మంచి నీటితో ఒకసారి తొలవండి.

బ్లీచింగ్ పౌడరుతో యాసిడ్ గానీ, బాత్రూం క్లీనరు గానీ కలపకండి. వెలువడే వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

8. రోజువారీ క్లోరిన్

బ్లీచింగ్ పౌడరు తాజాదై ఉండాలి. కొత్తది 30 శాతం పైన ఉంటుంది. మూత తెరిచి పెట్టిన సంచిలోది నెలల్లోనే బలం పోగొట్టుకుంటుంది. ఘాటు వాసన లేని, గడ్డ కట్టిన పౌడరు ఎంత పోసినా సున్నం పోసినట్టే.

సంపుకు: 1000 లీటర్లకు 4 గ్రాములు. 4500 లీటర్ల సంపుకు 18 గ్రాములు. చెంచాలతో కాకుండా చిన్న త్రాసుతో తూచండి.

బిందెకు: 40 గ్రాముల పౌడరును లీటరు నీటిలో కలిపి, గంట తేరనిచ్చి, తేటను ముదురు రంగు సీసాలో పోసుకోండి. వారం దాకా వాడొచ్చు. 20 లీటర్లకు సిరంజితో 4 మిల్లీలీటర్లు. అరగంట ఆగి క్లోరిన్ పరీక్ష చేయండి. రంగు రాకపోతే మరో 2 మిల్లీలీటర్లు వేసి మళ్లీ అరగంట ఆగండి.

నీళ్లు బురదగా ఉంటే క్లోరిన్ బురదకే ఖర్చయిపోతుంది. ముందు తేర్చాలి. 20 లీటర్లకు అర గ్రాము పటిక పొడి, అంటే పెద్ద కాబూలీ శనగ గింజంత, వేసి ఒక నిమిషం గట్టిగా, అయిదు నిమిషాలు మెల్లగా కలిపి, గంట కదపకుండా ఉంచి పై తేటను వంచుకోండి. చిల్లగింజ అరగదీసి కలిపినా తేట పడుతుంది. ఏది వాడినా తేట పడ్డ నీళ్లు శుద్ధమైనట్టు కాదు. క్లోరిన్ వేయాలి, లేదా తెర్లు పొంగే దాకా కాచి ఒక నిమిషం మరగనివ్వాలి.

9. ఫ్లోరైడ్, నైట్రేట్ ఉన్నప్పుడు

మొదటి మార్గం ఎప్పుడూ వేరే నీళ్లు వెతుక్కోవడమే. శుద్ధి చేసిన నది నీళ్లు కుళాయిలో వస్తుంటే తాగడానికి, వంటకు అవే వాడండి. బోరును స్నానానికి, గిన్నెలకు ఉంచండి. చర్మం మీద పోసుకున్న ఫ్లోరైడ్ నీళ్లతో ఇబ్బంది లేదు.

ఇక్కడ దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక తప్పు జరుగుతుంది. తాగడానికి క్యాను, వంటకు బోరు. అన్నం, పప్పు నీటిని పీల్చుకుంటాయి. చారు, టీ సంగతి చెప్పనక్కర్లేదు. క్యాను కొన్న డబ్బులో సగం వృథా. మనిషికి తాగడానికి, వండుకోవడానికి కలిపి రోజుకు 5 లీటర్లు లెక్కేయండి. నలుగురికి 20 లీటర్లు. ఎముకలు, పళ్లు తయారవుతున్న పిల్లలకు ఇది మరీ ముఖ్యం. ఎనిమిదేళ్ల లోపు పడ్డ పళ్ల మరక తర్వాత ఏ నీళ్లు తాగినా పోదు.

వేరే నీళ్లు లేకపోతే:

- *ఆర్వో:* ఫ్లోరైడ్‌ను బాగా తగ్గిస్తుంది. నైట్రేట్‌ను అంతకన్నా తక్కువగా ఆపుతుంది, మెంబ్రేను పాతబడితే ముందు జారేది అదే.
- *యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు:* ఫ్లోరైడ్‌కు పనిచేస్తుంది. కాని దాని శక్తి అయిపోయిన సంగతి చెప్పదు. నీళ్లు అలాగే తేటగా వస్తుంటాయి. నెలకోసారి ఫ్లోరైడ్ కిట్టుతో చూసి, 1 దాటితే ఫిల్టరు శక్తిని పునరుద్ధరణ చేయించాలి.
- *నల్లగొండ పద్ధతి:* పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చడం. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు. పటిక మోతాదు మాత్రం నీటి ఫ్లోరైడ్, క్షారత రెండింటి మీదా ఆధారపడుతుంది కాబట్టి ల్యాబు లెక్క లేకుండా అంచనాతో వేయకండి. ఎక్కువైతే అల్యూమినియం నీటిలో మిగిలిపోతుంది.

నైట్రేట్ 45 దాటిన నీటితో ఆరు నెలల లోపు పసివాళ్లకు పాలు కలపొద్దు. నైట్రేట్ రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. పెదాలు, గోళ్లు నీలంగా మారితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మరగబెట్టిన నీళ్లు ఇక్కడ మేలు చేయవు, చిక్కబడి మరింత కీడు చేస్తాయి.

10. ఆర్వో కొన్నాక

టీడీఎస్ మీటరు ఇక్కడ పనికొస్తుంది. లోపలికి 1200, బయటికి 90 అయితే 1200లోంచి 90 తీసేసి 1200తో భాగిస్తే 92 శాతం ఆపుతున్నట్టు. కొన్న రోజు అంకె గోడ మీద రాయండి. నెలనెలా చూడండి. 85 కిందికి దిగితే మెంబ్రేను చూడాలి.

రుచి కోసమని మెకానిక్ "టీడీఎస్ కంట్రోలర్" స్క్రూ తిప్పి పోతాడు. అది చేసే పని పచ్చి నీళ్లను శుద్ధమైన నీళ్లలో కలపడం. బోరులో ఫ్లోరైడ్ 3 ఉండి, 30 శాతం పచ్చి నీళ్లు కలిస్తే అందులోంచే 0.9 వచ్చేస్తుంది. మెంబ్రేను దాటి వచ్చిన కొంచెం కలిస్తే 1 దాటుతుంది. ఫ్లోరైడ్, నైట్రేట్ ఉన్న ఊళ్లో ఆ స్క్రూను పూర్తిగా మూయించండి. మున్సిపల్ నీళ్లకైనా అంతే జాగ్రత్త.

- మొదటి దారపు ఫిల్టరు: 3 నుంచి 6 నెలలు
- కార్బన్: 6 నుంచి 12 నెలలు. ఇది అయిపోతే క్లోరిన్ నేరుగా మెంబ్రేనును కొడుతుంది.
- యూవీ దీపం: వెలుగుతున్నా ఏడాదికి మార్చాలి. వెలుగు ఉంటుంది, క్రిములను చంపే శక్తి తగ్గిపోతుంది.
- లోపలి ట్యాంకు: మూడు నెలలకోసారి కడగాలి. కార్బన్ క్లోరిన్‌ను తీసేస్తుంది కాబట్టి నిలవ నీటికి రక్షణ ఉండదు.

11. క్యాను నీళ్లు

ప్లాంటుకు వెళ్లి చూడండి. క్యానులు దేంతో కడుగుతున్నారు? ఉత్త నీళ్లతో తొలిచి నింపుతుంటే లోపలి పాచి అలాగే ఉంటుంది. ఆర్నెల్లలోపు ల్యాబు రిపోర్టు అడగండి. అందులో ఫ్లోరైడ్, ఈ-కొలై రెండూ ఉండాలి. చూపించకపోతే మీరే ఒక నమూనా పంపండి. వీధిలో పదిళ్లు కలిసి పంచుకుంటే ఖర్చు పెద్దది కాదు.

క్యానును ఎండలో పెట్టకండి, పచ్చగా నాచు పడుతుంది. రెండు మూడు రోజుల్లో వాడేయండి. గ్లాసు ముంచొద్దు, పంపు గానీ కుళాయి గానీ పెట్టండి.

12. నీళ్లు చెడాయని తెలిసిన రోజు

1. కుళాయి నీళ్లు తాగడం ఆపండి. మరగబెట్టిన నీళ్లే తాగడానికి, పళ్లు తోముకోవడానికి.
2. పారబోయకముందే ఒక సీసా పట్టి తేదీ, సమయం రాసి ఫ్రిజ్‌లో పెట్టండి.
3. మొదటి బిందె నీళ్లు, అయిదు నిమిషాల తర్వాతి నీళ్లు రెండు గాజు గ్లాసుల్లో పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి.
4. పక్క ఇళ్లలో అడగండి. ఒక్క మీ ఇంట్లోనే అయితే లోపం మీ పైపులో. వరసగా ఇళ్లన్నింటిలో అయితే వీధి పైపులో.
5. మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లోనైతే వార్డు సచివాలయంలో నీటి సరఫరా వంటి సౌకర్యాలు చూసే ఎమినిటీస్ కార్యదర్శికి కూడా. "నీళ్లు బాగోలేదు" అని రాస్తే కాగితం కదలదు. "ఫలానా తేదీ ఉదయం 6 గంటలకు మొదటి 10 నిమిషాలు మురుగు వాసన, క్లోరిన్ సున్నా, ఇన్ని ఇళ్లలో, ఫలానా స్తంభం దగ్గర కాలువలో పైపు మునిగి ఉంది" అని రాయండి. అందిందన్న సంతకం తీసుకోండి.
6. మరమ్మతు అయ్యాక మొదటి రెండు విడతల నీళ్లు వదిలేయండి. సంపును 7వ భాగంలో చెప్పినట్టు కడిగి, క్లోరిన్ పరీక్ష, హెచ్‌టూఎస్ సీసా రెండూ చూశాకే తాగడం మొదలుపెట్టండి.
7. ఇంట్లో ఎవరికైనా విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును కాచి చల్లార్చిన నీటిలోనే, ప్యాకెట్టు మీద రాసిన కొలతకు కలపండి. మూత్రం తగ్గినా, కళ్లు లోపలికి పోయినా ఆసుపత్రికి తీసుకెళ్లి, నీళ్ల సంగతి డాక్టరుకు చెప్పండి. ఒకే వీధి నుంచి ఎక్కువమంది వస్తున్నారని ముందు గుర్తించగలిగేది ఆసుపత్రే.